ఎఱ్ఱమట్టి దిబ్బలు: పోరంబోకా? పూర్వుల ఆస్తియా?

మన భాషలో ‘దిబ్బ’ యను మాటకు గౌరవము తక్కువ. పెంటను పోగుచేసినచో పెంటదిబ్బ. ఊరు పాడువడినచో పాటిదిబ్బ. పనికిమాలిన చోటెల్ల దిబ్బయే. ఇక ఇసుకదిబ్బ మాట చెప్పనేల? విత్తనము మొలవదు, బండి నడువదు, శిస్తు రాదు. రివిన్యూవారు దానిని బంజరనియో పోరంబోకనియో వ్రాసి ఊరకుందురు. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రపుటొడ్డున పోవు బాటప్రక్కనున్న ఎఱ్ఱమట్టి దిబ్బలకు పట్టిన గతికి సగము కారణము ఈ పేరే యని మాకు తోచుచున్నది. దస్తావేజులో తప్పుపేరు పడిన ఆస్తికి ఎప్పుడో ఒకప్పుడు వ్యాజ్యము తప్పదని న్యాయవాదవృత్తిలోనున్న మా పాఠకులు బాగుగ నెఱుగుదురు. ఈ దిబ్బల విషయమునను అదియే జరిగినది.

విశాఖకు ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్లు పోయినపిమ్మట, భీమునిపట్టణము ఇక నాలుగైదు కిలోమీటర్లున్నదనగా, ఎడమచేతివైపున నేల ఎఱ్ఱబారును. బాటమీదనుండి చూచువారికి అది చెట్లును తుప్పలును పెరిగిన ఒక మెట్టవలె కానవచ్చును. నాలుగడుగులు లోనికి వేసినచో భూమి రెండుగ విచ్చుకొనినట్లుండును. ఇఱుకైన గండి, ఇరువైపుల నిట్టనిలువుగ ఇటుకరంగు గోడలు, ఆ గండినుండి చీలిన మఱియొక గండి, దానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. కొంతదూరము పోవునప్పటికి సముద్రపు హోరు వినబడుట మానును. తీరము పొడవున సుమారు అయిదు కిలోమీటర్లు, వెడల్పున ఒకచో 200 మీటర్లు, మఱియొకచో రెండు కిలోమీటర్లవఱకు ఈ దిబ్బలు వ్యాపించియున్నవి. భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియం కింగు 1886లో వీనినిగూర్చి వ్రాసెను. ఇట్టి ఎఱ్ఱని తీరపుదిబ్బలు దక్షిణాసియాలో చెప్పుకొనదగినవి మఱి రెండుచోట్ల మాత్రమే కలవు: తమిళనాట తిరునెల్వేలి, తూత్తుకుడి ప్రాంతముల ‘తేరి’ నేలలు ఒకటి, సింహళపు తీరమున ఎఱ్ఱయిసుక నేలలు రెండవది.

ఇవి ఎట్లు పుట్టినవి? కొండ ఇచ్చిన ఇసుకను సముద్రము కడిగెను. సముద్రము కడిగినదానిని గాలి మోసెను. గాలి మోసినదానిని ఎండయు వానయు ఎఱ్ఱజేసెను. తూర్పుకనుమలలోని ఖోండలైటు శిలలు, ఒడిస్సా మన్నెములందలి ఖోండుజాతివారినిబట్టి పేరుపొందినవి, శిథిలమై వాగులవెంట కడలికి చేరుచుండును. గత హిమయుగము ముదిరిన కాలమున, అనగా సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, భూమిమీది నీటిలో పెద్దభాగము మంచుగ గడ్డకట్టియుండుటచే సముద్రమట్టము నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువనుండెను. నేడు చేపలపడవలు తిరుగుచోట నాడు ఆరిన ఇసుకమైదానము. ఆ మైదానముమీద వీచిన గాలి పొడియిసుకను లేపి, లోతట్టు కొండల పాదములవఱకు తెచ్చి పోసెను. ఇసుకరేణువు ధూళివలె గాలిలో తేలిపోదు. ఎగిరిపడును, పడినచోట మఱియొక రేణువును ఎగురగొట్టును, తుప్పయో ఱాయియో అడ్డము తగిలినచోట ఆగును. అట్లు ఆగినది తానే మఱియొకదానికి అడ్డమగును. గాలివైపున వాలు మెల్లగను, వెనుకవైపున సుమారు 33 డిగ్రీలవఱకు నిటారుగను పేరుకొని దిబ్బయగును. ఈ పని వేలకొలది సంవత్సరములు సాగినది.

ఇసుక పుట్టుకతో ఎఱ్ఱనిది కాదు. అందులో తెల్లని పలుగురేణువులతోపాటు గార్నెటు, ఇల్మనైటు మొదలగు ఇనుముగల బరువు ఖనిజములున్నవి. అవి వానకు తడిసి, ఎండకు ఆరి, మరల తడిసి ఆరి, అందలి ఇనుము త్రుప్పుగ మాఱి ప్రతిరేణువునకు సన్నని ఎఱ్ఱపూత యయ్యెను. ఆ పూతయు, దానితోడి బంకమన్నును రేణువులను కొద్దిగా అతికించినవి. పైన లేతపసుపు ఇసుక. దానిక్రింద ఇటుకరంగు పొర. ఆ క్రింద సున్నపుగడ్డలుగల గోధుమరంగు పొర. అడుగున మరల పసుపు ఇసుక. అన్నింటికి ఆధారము కొండఱాయి. వాన ఎక్కువగ కురిసిన కాలమేది, ఎండ ముదిరిన కాలమేది, సముద్రము దూరముగ జరిగిన కాలమేది యని ఈ పొరలనుబట్టి శాస్త్రజ్ఞులు నిర్ణయించుచున్నారు. ప్రాచీన మానవుడు చెక్కుకొనిన శిలాయుధములును ఇచ్చట దొరకినవి. ఏ ఆయుధము ఏ పొరలో నున్నదో తెలిసిననే దాని కాలము తెలియును. పొరలను కలియద్రవ్విన పిమ్మట దొరకిన ఆయుధము, తేదీయును సంతకమును చినిగిపోయిన కాగితమువంటిది.

గడచిన శీతకాలమున మేము ఆ గండ్లలో తిరుగుచుండగా పశువులను తోలుకొనివచ్చిన ఒక వృద్ధుడు మాకు దారిచూపెను. “ఈ దిబ్బలు గాలికి కదలవా, తాతా?” యని యడిగితిమి. “గాలికి కదల్దు బాబూ. వానే కోసేస్తాది. మనిసి కాలెట్టి గోడ విరగ్గొడితే ఆ యేడే గండడిపోద్ది” అని ఆయన యనెను. శాస్త్రజ్ఞులు చెప్పునదియు ఇదియే. ఒడ్డుననున్న తెల్లయిసుకదిబ్బ గాలికి కదలును, కాని చెదరినచో మరల కూడుకొనును. ఎఱ్ఱదిబ్బ గాలికి కదలదు. కాని ఱాతివలె గట్టిది గాదు. ఒకసారి కూలినదానిని మరల కట్టుటకు నాటి గాలి లేదు, నాటి మైదానము లేదు. ఆ మైదానము నేడు సముద్రగర్భమున నున్నది. కావున ఇది పెరుగు ఆస్తి కాదు, తఱుగు ఆస్తి. వాన తీసికొనునది ఎట్లును తీసికొనును. దానికి తోడుగా మనము తీసికొనునది యెంత యనునదే ప్రశ్న.

ఈ దిబ్బలు అందమునకును శాస్త్రమునకును మాత్రమే పనికివచ్చునని కొందఱందురు. అది సరి గాదు. ఇసుక వానను త్రాగును. త్రాగిన నీటిని మెల్లమెల్లగ వదలును. సముద్రపుటొడ్డున బెత్తెడు ఇసుక తోడి, ఆ చెలమలోనుండి బెస్తస్త్రీలు మంచినీరు ముంచుకొనుట మనలో తీరవాసులందఱు చూచినదే. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక యగుటచే దానిపై తేలును. సముద్రమట్టమునకు పైన ఒక మీటరు ఎత్తు మంచినీరు నిలిచియున్నచో, దిగువన సుమారు 40 మీటర్లవఱకు ఉప్పునీటిని అది త్రోసియుంచునని జలశాస్త్రపు లెక్క. దిబ్బ తలను గొఱిగి, నేలను సిమెంటుతో కప్పి, బోరుబావులు దింపినచో ఈ లెక్క తలక్రిందగును. పైన ఒక మీటరు తఱిగినచో క్రింద 40 మీటర్ల మేర ఉప్పునీరు ఎగబ్రాకుటకు దారియగును. ఇంటికై దిబ్బను కూల్చినవాడు త్రాగునీటికై బండికొఱకు కాచుకొనవలసివచ్చును.

తీరపు దిబ్బ గోడ కూడను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ సంగతి రుజువైనది. సింహళమున యాల తీరమున, సముద్రము చక్కగ కనబడవలెనని ముందరి దిబ్బను తొలగించిన ఒక విడిదిగృహము పూర్తిగ కొట్టుకొనిపోగా, దిబ్బ నిలిచిన ప్రక్కచోట్ల నష్టము స్వల్పమని పరిశీలకులు వ్రాసిరి. 2014 అక్టోబరు 12న విశాఖ పట్టణము హుద్‌హుద్ తుఫాను దెబ్బకు గుఱియయ్యెను. ఇట్టి తీరమున ప్రకృతి ఉచితముగ కట్టియిచ్చిన కట్టను సొంతచేతులతో చదునుచేయుట వివేకము కాదు.

అట్లని ఈ నేలలు మనుష్యుని చేయి పడనివని తలపరాదు. శిలాయుధపు మానవుని నాటినుండి నేటి పశులకాపరివఱకు మనుష్యులు వీనిపై నడచుచునే యున్నారు. ఒడ్డున బాలబందతీగయు, రావణాసురుని మీసములను గడ్డియు తమంతట మొలచి ఇసుకను పట్టియుంచును. వానివెనుక జనులు మొగలిని కంచెగ నాటిరి. తాటిని, జీడిమామిడిని పెంచిరి. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున చెన్నపట్టణపు పొయ్యిలకును రైలుబండ్లకును కట్టెలకై సరుగుడుతోపులు తీరమున విరివిగ వెలసినవి. కదలు ఇసుకను ఆపుటలో సరుగుడు కొంత మేలు చేసినమాట నిజము. కాని అలల అంచువఱకు దానిని నాటినచోట, రాలిన ఆకు మెత్తక్రింద తీగయు గడ్డియు నశించును. తాబేళ్ళు గ్రుడ్లుపెట్టుటకు బయలు కఱవగును. మంచి యుద్దేశముతో చేసిన పనియైనను చోటెఱిగి చేయనిచో కీడగునని ఇందువలన తెలియుచున్నది.

చెన్నపట్టణమున మన మిత్రులు సాయంకాలము షికారుపోవు మెరీనాయే దీనికి పెద్ద సాక్షి. ఆ విశాలమైన ఇసుక అనాదిగ అట్లే యున్నదని అనేకులనుకొందురు. మన తూర్పుతీరమున అలలు ఏటేట ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించుచుండును. 19వ శతాబ్దపు చివరి భాగమున రేవునకై సముద్రములోనికి గోడలు కట్టినంతట ఆ నడక ఆగినది. గోడకు దక్షిణమున ఇసుక పేరుకొని మెరీనా వెడల్పైనది. గోడకు ఉత్తరమున రాయపురము, తిరువొత్తియూరు తీరములకు రావలసిన ఇసుక రాక ఒడ్డు కోసుకొనిపోయినది. బెస్తపల్లెలు వెనుకకు జరుగవలసివచ్చినది. అచ్చట ఱాళ్ళు పోసి ఒడ్డు కాచుకొనవలసినదైనది. మన షికారునకు కలిగిన సుఖపు ఖర్చు మఱియొకరి లెక్కలో పడినది. ఇసుక జమాఖర్చు ఎప్పుడును ఇట్లే సరిపోవును.

ఇక చట్టమేమనుచున్నది? 1986 పర్యావరణ పరిరక్షణ చట్టముక్రింద 1991లో వెలువడిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన, ఇసుకదిబ్బలను చెక్కుటను, మార్చుటను నిషేధించెను. 2011, 2019 ప్రకటనలు ఇసుకదిబ్బలను అత్యంత రక్షణపాత్రమగు మొదటి తరగతిలో చేర్చినవి. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని ఈ నియంత్రణ, సముద్రపు పోటుగీతనుండి లోనికి 500 మీటర్లతో ఆగిపోవును. గాలి హిమయుగమున ఇసుకను మోసినప్పుడు ఈ 500 మీటర్ల కొలబద్ద దానిచేత లేదు. దిబ్బలు రెండు కిలోమీటర్లు పోయినవి. ఒకే దిబ్బలో ముందుభాగమును ముట్టుకొన్నవాడు నేరస్థుడు. వెనుకభాగమును త్రవ్వినవాడు గృహస్థుడు! భారత భూగర్భ పరిశోధనశాఖ దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగ ప్రకటించియున్నది. అది గౌరవమేగాని, త్రవ్వువాని చేయిపట్టి ఆపు అధికారము గాదు. అట్టి అధికారమునకై 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము భూవారసత్వ స్థలముల రక్షణకు ఒక ముసాయిదా బిల్లును ప్రకటించెను. ఈ లోపమును ప్రభుత్వమే గుర్తించినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

2024 జులైలో దిబ్బలనానుకొని ఒక గృహనిర్మాణ సహకారసంఘపు స్థలమున యంత్రములతో మట్టి త్రవ్వుచుండగా ప్రజలు ఆక్షేపించిరి, పత్రికలు వ్రాసినవి, అధికారులు పని నిలిపిరి. 2025 సెప్టెంబరులో ఈ దిబ్బలు యునెస్కో ప్రపంచవారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరినవి. తిరుమల కొండలును అప్పుడే చేరినవి. ఒక సంవత్సరము యంత్రముల పాలబడినది మఱుసటి సంవత్సరము ప్రపంచముముందు నిలిచినది. సంతోషమే. కాని తాత్కాలిక జాబితా యనగా దరఖాస్తు పెట్టుకొనుటకు అర్హత మాత్రమే. అసలు దరఖాస్తు వేయునాడు విచారణకు వచ్చువారు మొదట అడుగు ప్రశ్న, “దీని హద్దులేవి? హద్దులోపల మీ చట్టమేది?” అని. దానికి మనయొద్ద నేడున్న సమాధానము 500 మీటర్ల గీత.

ఇండ్లు కట్టుకొనగోరువారు మాకు శత్రువులు గారు. చిన్న జీతగాడు జీవితమంతయు కూడబెట్టి సంఘములో సభ్యుడై స్థలము సంపాదించును. పోరంబోకని వ్రాసి ప్రభుత్వమే ఇచ్చిన భూమిని, ఇప్పుడు వారసత్వమని ప్రభుత్వమే వలదనుట ఆయనకు అన్యాయముగ తోచుట సహజము. అట్టివారిని దొంగలవలె చూపుట పత్రికలకు తగదు. పొరపాటు వ్రాతలో జరిగినది; దానిని దిద్దు భారము వ్రాసినవారిది. దిబ్బల హద్దులో పట్టాలున్నవారికి సమానవిలువగల భూమిని మఱియొకచోట ఇచ్చుటయే న్యాయము. అట్లుగాక వారికి భూమిని అట్లే వదలి, వారసత్వమని బల్ల నాటి, అటు గృహస్థుని ఇటు ప్రజలను సంతోషపెట్టితిమనుట ‘ఇసుకతక్కెడ, పేడతక్కెడ’ బేరము. సముద్రతీరము, నదులు, అడవులు మొదలగువానికి ప్రభుత్వము యజమాని గాదు, ప్రజలతరఫున ధర్మకర్త మాత్రమేయని సుప్రీముకోర్టు కమలనాథు వ్యాజ్యమున 1996లో తీర్పుచెప్పియున్నది. ధర్మకర్త తన యేలుబడిలోని ఆస్తిని తెలియక అన్యాక్రాంతము చేసినచో, తెలిసినతోడనే వెనుకకు తెచ్చుకొనవలెను.

ఇట్టిపని సాధ్యమా యనువారికి బాల్టికు సముద్రతీరపు కురోనియను ఇసుకనాలుక యొక దృష్టాంతము. లితువేనియా, రష్యా దేశములలో 98 కిలోమీటర్లు సాగిన ఆ సన్నని నేలమీద 17, 18 శతాబ్దములలో అడవిని నఱికివేయగా, పట్టు తప్పిన ఇసుక లేచి పల్లెలకు పల్లెలను పూడ్చివేసెను. 19వ శతాబ్దమున అక్కడివారు తీరమున ముందుదిబ్బను కట్టి, గడ్డియు చెట్లును నాటి, ఇసుకను నిలిపిరి. ప్రకృతియు మనుష్యుడును కలిసి తీర్చిన నేలగ అది 2000లో ప్రపంచవారసత్వమయ్యెను. మనది వారి జబ్బు గాదు. కనుక వారి మందును తెచ్చి ఇచ్చట పోయరాదు. వారి ఇసుక కదలుచుండెను గావున చెట్లు నాటిరి. మన ఇసుక నిలిచియున్నది గావున దాని జోలికి పోకుండుటయే మందు. మనము గ్రహింపవలసినది ఓర్పు. వారు తరములు పనిచేసిరి. మనము చేయవలసినది అంతకంటె సులభము, చేయిని వెనుకకు తీసికొనుటయే.

కావున మేము కోరునవి నాలుగు. సముద్రపుటంచునుండి కొండపాదమువఱకు దిబ్బలనన్నిటిని ఒకే స్వరూపముగ కొలిచి హద్దుఱాళ్ళు పాతవలెను. రివిన్యూ రిజిస్టరులో పోరంబోకను పదమును కొట్టివేసి, భూవారసత్వమను పేరు వ్రాసి, అన్యాక్రాంతము నిషేధింపవలెను. గండ్లకు నీరు తెచ్చు పైభాగపు నేలలను, దిబ్బల ఇరుప్రక్కల గెడ్డలను అందులో చేర్చవలెను. తలమీద కట్టడములు లేచి వాననీటిని ఒకేచోటికి మఱల్చినచో అడుగుననున్న గోడ ఒక వానాకాలము నిలువదు. చూడవచ్చువారికి నిర్ణీతమైన కాలిబాట యొకటి యేర్పఱచి, గోడలెక్కుటను, చలనచిత్రములకై గండ్లలోనికి బండ్లు తెచ్చుటను మాన్పవలెను. ఆ బాటకు కావలివారుగ ప్రక్క పల్లెల బెస్తలను, పశులకాపరులను జీతమిచ్చి నియమింపవలెను. ఏ గోడ ఎప్పుడు విఱుగునో చెప్పగలిగినవాడు మాకు దారిచూపిన ఆ వృద్ధుడే.

విశాఖ దిబ్బలతో చెన్నపట్టణపు ఆంధ్రులకేమి పని యని కొందఱడుగవచ్చును. తిరునెల్వేలిసీమలో తరతరములుగ కాపురమున్న మనవారు తిరుచెందూరు దాపుననున్న కుదిరైమొళి తేరిని ఎఱుగుదురు. అదియు ఎఱ్ఱయిసుకయే, అందును శిలాయుధములు దొరకినవి, జాయినరు, ఆల్చిను అను పండితులు వానినిగూర్చి 1956లో ప్రకటించిరి. గంజాములోని మనవారు ఛత్రపురపు ఇసుకలో ఇల్మనైటు, మోనజైటు త్రవ్వుటను చూచుచున్నారు. ఋషికుల్య మొగనున్న ఇసుకపై వేలకొలది తాబేళ్ళు గ్రుడ్లుపెట్టుటను చూచుచున్నారు. భాషారాష్ట్రముల హద్దులు మనలను ఇటునటు పంచినవిగాని, తీరమొక్కటే, దానివెంట నడచు ఇసుకయు నొక్కటే. ఒకచో దిబ్బకు సరియైన చట్టము వచ్చినచో తక్కినచోట్ల దానిని చూపి అడుగవచ్చును. న్యాయస్థానములందును, కార్యాలయములందును, శాస్త్రశాలలందును పలుకుబడిగల మా పాఠకులు ఒక్కొక్క మహజరునకు ఒక్కొక్క సంతకము చేసినను పని సగమైనట్లే.

మేము మరలివచ్చునప్పుడు ఆ గండి మొదట ఒక గోడ అప్పుడే కూలియుండెను. లోపలి పొరలు తడియారని రంగుతో బయటపడినవి. ఎవరు కూల్చిరో, వానయే కూల్చెనో చెప్పజాలము. వాన కూల్చినచో అది ప్రకృతి లెక్క. మనము కూల్చినచో దానికి జవాబు చెప్పవలసినవారము మనమే. పట్టాపుస్తకములో ఒక మాట దిద్దుటకు పట్టు కాలము, ఆ గోడ పేరుకొనుటకు పట్టిన కాలముతో పోల్చినచో, రెప్పపాటు గూడ గాదు. ఆ దిద్దుబాటును ప్రభుత్వమువారు ఇక వాయిదా వేయరాదని మేము కోరుచున్నాము.